లెన్స్ కొనే ముందు దాని మీది రాత చదవండి: పాత కెమెరాకు ఏది బిగుస్తుంది, ఏది పనిచేస్తుంది

దసరా దగ్గరికొస్తోంది. కామాఠీపుర గల్లీల్లో, వర్లీ, నాయ్‌గావ్ చాళ్లలో బతుకమ్మ ఆడే చోటల్లా ఎవరో ఒకరి మెడలో కెమెరా కనిపిస్తుంది. ఆ కెమెరా చాలాసార్లు దుబాయిలోనో పుణెలోనో ఉద్యోగం చేసే కొడుకు వాడి, కొత్తది కొనుక్కుని, ఇంట్లో వదిలేసినది. ఉన్న కెమెరాకు ఒక మంచి లెన్స్ కొంటే చాలు కదా అని మనవాళ్లు బోరా బజార్‌కో చోర్ బజార్‌కో వెళ్తారు. అక్కడ పొరపాటు జరుగుతుంది. ఆ పొరపాటు మా సంఘంలోనూ జరిగింది. అందుకే ఈ వ్యాసం.

నేను ఫోటోగ్రాఫర్‌ను కాను. గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి. అయితే లెన్స్ మీది రాత ఫైలు మీది నంబరు లాంటిదే. ఏ అక్షరం దేనికో తెలిస్తే లోపల ఏముందో తెరవకుండానే తెలిసిపోతుంది. పాడైన డబ్బుకు లెక్క చెప్పాల్సిన బాధ్యత కార్యదర్శిగా నాది కాబట్టి, ఆ రాత కూర్చుని నేర్చుకున్నాను.

మాకు జరిగింది

సంఘానికి ఒక దాత నికాన్ డీ3200 కెమెరా ఇచ్చారు. దానితో వచ్చిన లెన్స్ రాత్రిపూట చీకటిగా తీస్తోందని చందా వేసుకుని, ఒక సెకండ్ హ్యాండ్ దుకాణంలో 50ఎంఎం లెన్స్ కొన్నాం. ‘నికాన్‌ది కావాలి, వెలుతురు బాగా తీసుకునేది కావాలి’ అన్నాం. అతను అలాంటిదే ఇచ్చాడు. కెమెరాకు టక్కున బిగిసింది. బిల్లు కట్టి వచ్చేశాం.

సద్దుల బతుకమ్మ నాడు మా చాల్‌లో అందరికంటే పెద్దావిడ, ఎనభై దాటిన అవ్వ, తలమీద బతుకమ్మ పెట్టుకుని నిలబడింది. ‘ఈసారి మంచిగ దియ్యి బిడ్డా, మల్ల ఏడాదికి ఈ చాల్ ఉంటదో, నేనుంటనో’ అన్నది. పిల్లగాడు నలభై ఫోటోలు తీశాడు. కెమెరా వెనుక చిన్న తెరమీద అన్నీ బాగానే కనిపించాయి. మర్నాడు కంప్యూటర్‌లో వేసి చూస్తే ఒక్కదాంట్లోనూ ఆమె ముఖం స్పష్టంగా లేదు. ఆ లెన్స్‌కు ఆ కెమెరా మీద ఆటోఫోకస్ పనిచేయదు. ఆ సంగతి లెన్స్ మీదే రాసి ఉంది. మాకు చదవడం రాలేదు. తరువాతి దసరాకు అవ్వ లేదు.

దుకాణదారుది తప్పు అనను. ఏ కెమెరాకో మేము చెప్పలేదు, అతను అడగలేదు.

మూడు ప్రశ్నలు

‘ఈ లెన్స్ మా కెమెరాకు సరిపోతుందా?’ అన్నది ఒక ప్రశ్నలా కనిపించినా నిజానికి అందులో మూడు ఉన్నాయి. ఒకటి, బిగుస్తుందా? రెండు, ఫోకస్ అవుతుందా? మూడు, సెన్సర్ మొత్తాన్ని కప్పుతుందా? మేము మొదటిదానికి జవాబు చూసుకుని ఇంటికొచ్చాం. దెబ్బ రెండోదాని దగ్గర తగిలింది.

ముందు అంకెలు

ఒక లెన్స్ మీది రాతను వరసగా చదువుదాం. ‘ఏఎఫ్-ఎస్ డీఎక్స్ నిక్కోర్ 18-55ఎంఎం 1:3.5-5.6జీ వీఆర్’. నికాన్ కెమెరాలతో మామూలుగా వచ్చే లెన్స్ ఇది, మనలో చాలామంది ఇళ్లలో ఉంటుంది.

18-55ఎంఎం అంటే ఫోకల్ లెంగ్త్. అంకె చిన్నదైతే ఎక్కువ వెడల్పు పడుతుంది, పెద్దదైతే దూరంలో ఉన్నది దగ్గరగా వస్తుంది. మధ్యలో గీత ఉంటే జూమ్. 50ఎంఎం అని ఒకే అంకె ఉంటే జూమ్ లేదని అర్థం, మనమే ముందుకు వెనక్కు నడవాలి.

1:3.5-5.6 అంటే ఎంత వెలుతురును లోపలికి రానిస్తుందో చెప్పే అంకె. దీన్నే ఎఫ్/3.5, ఎఫ్/5.6 అంటారు. ఫోకల్ లెంగ్త్‌ను ఈ అంకెతో భాగిస్తే లెన్స్ ద్వారం వ్యాసం వస్తుంది. కాబట్టి అంకె చిన్నదయ్యే కొద్దీ ద్వారం పెద్దది. రెండు అంకెలు ఎందుకంటే 18 దగ్గర 3.5, జూమ్ చేసి 55కు వస్తే 5.6. ఎఫ్/1.8 లెన్స్ ఎఫ్/5.6 కంటే దాదాపు పదింతల వెలుతురు తీసుకుంటుంది. చాల్ నడవాలో ఒక్క ట్యూబ్‌లైట్ కింద ఫోటో తీయాలంటే ఈ తేడా తెలుస్తుంది. అయితే ఎఫ్/1.8 దగ్గర ఫోకస్‌లో ఉండే లోతు చాలా తక్కువ. ఫోకస్ కాస్త అటూ ఇటూ అయినా ముఖం మసకబారుతుంది. మా ఫోటోలు పాడైంది అలాగే.

సున్నాకు అడ్డగీత పెట్టి పక్కన 52 అనో 58 అనో ఉంటుంది. అది ముందు బిగించే ఫిల్టర్ కొలత. దీన్ని ఫోకల్ లెంగ్త్ అనుకుని మోసపోయిన వాళ్లున్నారు. మూత, ఫిల్టర్ కొనడానికి తప్ప ఈ అంకెతో పనిలేదు. 0.28 మీ. లాంటి అంకె ఉంటే అది ఎంత దగ్గరికి వెళ్లి ఫోటో తీయవచ్చో చెబుతుంది. సెన్సర్ నుంచి కొలిచిన దూరం అది.

వీఆర్ అంటే చెయ్యి వణుకును సరిచేసే ఏర్పాటు. ఇదే పనిని కెనాన్ ఐఎస్ అని, సోనీ ఓఎస్ఎస్ అని, టామ్రాన్ వీసీ అని, సిగ్మా ఓఎస్ అని, ఫూజీ ఓఐఎస్ అని రాస్తాయి. పేరు ఏదైనా ఇది చెయ్యి వణుకును ఆపుతుంది కానీ ఆడుతున్న ఆడవాళ్ల కదలికను ఆపదు. అందుకు వెలుతురు, షట్టర్ వేగం కావాలి.

మొదటి ప్రశ్న: బిగుస్తుందా?

లెన్స్ వెనుక వలయాన్ని మౌంట్ అంటారు. ప్రతి కంపెనీకి తన మౌంట్ ఉంది, కాలంతో పాటు మారింది కూడా. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి వస్తోంది. కెనాన్ 1987లో పాత ఎఫ్‌డీ మౌంట్ వదిలి ఈఎఫ్ మౌంట్ తెచ్చింది. అందుకే బాపు కాలం నాటి ఎఫ్‌డీ లెన్స్ నేటి కెనాన్ డీఎస్ఎల్ఆర్‌కు బిగియదు. అద్దం లేని కొత్త కెమెరాలకు, అంటే మిర్రర్‌లెస్ వాటికి, 2018లో నికాన్ జెడ్ మౌంట్, కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్ వచ్చాయి. సోనీ ఈ మౌంట్ 2010లోనే వచ్చింది. ‘కెనాన్ లెన్సే కదా’ అని ఆర్ఎఫ్ లెన్స్ తెచ్చి పాత డీఎస్ఎల్ఆర్‌కు పెడితే బిగియదు. దానికి అడాప్టర్ కూడా దొరకదు.

ఎందుకు దొరకదో తెలుసుకుంటే అడాప్టర్ల సంగతంతా తేలిపోతుంది. మౌంట్ నుంచి సెన్సర్ దాకా ప్రతి కెమెరాలో ఒక నిర్ణీత దూరం ఉంటుంది. నికాన్ ఎఫ్‌లో 46.5 ఎంఎం, కెనాన్ ఈఎఫ్‌లో 44, కెనాన్ ఆర్ఎఫ్‌లో 20, సోనీ ఈలో 18, నికాన్ జెడ్‌లో 16. పాత కెమెరాల్లో మధ్యలో అద్దం కదలాలి కాబట్టి దూరం ఎక్కువ. ఎక్కువ దూరానికి చేసిన లెన్స్‌ను తక్కువ దూరం ఉన్న కెమెరాకు పెట్టాలంటే మధ్యలో ఒక వలయం పెట్టి ఆ ఖాళీని నింపొచ్చు. అదే అడాప్టర్. తిరగేసి చేయాలంటే కెమెరాను కోయాలి! కాబట్టి పాత లెన్స్ కొత్త కెమెరాకు వెళ్తుంది, కొత్త లెన్స్ పాత కెమెరాకు వెళ్లదు. ఈ ఒక్క వాక్యం గుర్తున్నా చాలా డబ్బు మిగులుతుంది.

సిగ్మా, టామ్రాన్, టోకినా లెన్స్‌లతో ఇంకో జాగ్రత్త. ఒకే పేరుతో, ఒకే రంగుతో ఉన్న లెన్స్ నికాన్‌కు వేరుగా, కెనాన్‌కు వేరుగా తయారవుతుంది. డబ్బా మీద ఏ మౌంటో చూడాలి. సెకండ్ హ్యాండ్‌లో డబ్బా ఉండదు కాబట్టి మీ కెమెరా వెంట తీసుకెళ్లాలి.

రెండో ప్రశ్న: ఫోకస్ అవుతుందా?

ఇది ముఖ్యంగా నికాన్ వాళ్ల బాధ. ఆటోఫోకస్‌కు ఒక మోటారు కావాలి. కొన్ని లెన్స్‌లలో మోటారు లోపలే ఉంటుంది. పాతవాటిలో ఉండదు, కెమెరాలోని మోటారే తిప్పాలి. డీ90, డీ7000, డీ7200 లాంటి కెమెరాల్లో మోటారు ఉంది. డీ40, డీ60, డీ3000 వరస, డీ5000 వరస కెమెరాల్లో లేదు. మనవాళ్ల దగ్గర ఎక్కువగా ఉన్నవి ఈ రెండో రకమే.

లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అని ఉంటే మోటారు ఉన్నట్టే. ఉత్త ఏఎఫ్ అని ఉండి, చివర 1:1.8డీ అని డీ అక్షరం ఉంటే సాధారణంగా లేనట్టే. మేము కొన్నది ఆ డీ. అదే 50ఎంఎం ఏఎఫ్-ఎస్ 1:1.8జీ అయి ఉంటే మా ఫోటోలు వచ్చేవి. ఒక్క అక్షరం తేడా.

అక్షరాలు అరిగిపోయి ఉంటే లెన్స్ వెనుక వలయం చూడండి. స్క్రూడ్రైవర్ పెట్టే గాడి లాంటిది చిన్నది కనిపిస్తే అది కెమెరా మోటారుతో తిరిగే లెన్స్. అలాగే కెమెరా మౌంట్ వలయంలో చిన్న స్క్రూడ్రైవర్ మొన లాంటిది పొడుచుకొచ్చి ఉంటే కెమెరాలో మోటారు ఉన్నట్టు. మా డీ3200లో అది లేదు. చూసి ఉంటే దుకాణంలోనే తెలిసేది.

డీ లెన్స్‌కు ఎఫ్ అంకెలు తిప్పే వలయం కూడా ఉంటుంది. దాన్ని పెద్ద అంకె దగ్గరికి, 50ఎంఎం లెన్స్‌లో 22కు, తిప్పి లాక్ చేయాలి. లేకపోతే కెమెరా తెరమీద ఎఫ్ఈఈ అని చూపి ఫోటో తీయనివ్వదు. చాలామంది దీన్ని చూసి కెమెరా చెడిపోయిందని రిపేరుకు ఇస్తారు.

ఏఎఫ్-పీ అని ఇంకో రకం వచ్చింది. మోటారు లోపలే ఉంటుంది, చప్పుడు చేయదు, ధర తక్కువ. కానీ డీ90, డీ3100, డీ3200, డీ5100, డీ7000 లాంటి పాత కెమెరాల మీద ఇవి అసలు ఫోకస్ కావు, చేత్తో తిప్పినా కావు. డీ3300, డీ5300 లాంటి వాటికి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయించాలి. డీ3400, డీ3500, డీ5600 మీద బాగా పనిచేస్తాయి. అంటే పాత కెమెరాకు మరీ పాత లెన్సూ పనికిరాదు, మరీ కొత్త లెన్సూ పనికిరాదు. నడిమి తరం ఏఎఫ్-ఎస్ సరైనది.

కెనాన్ ఈఎఫ్ వాళ్లకు ఈ తలనొప్పి లేదు. ఆటోఫోకస్ ఉన్న ప్రతి ఈఎఫ్ లెన్స్‌లో మోటారు లోపలే ఉంది. యూఎస్ఎం, ఎస్‌టీఎం అన్నవి మోటారు రకాలు మాత్రమే.

అడాప్టర్ పెట్టినా ఈ ప్రశ్న వేసుకోవాలి. కెనాన్ ఈఎఫ్ లెన్స్‌ను కంపెనీ అడాప్టర్‌తో ఆర్ఎఫ్ కెమెరాకు పెడితే ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో జెడ్ కెమెరాకు ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్స్‌లు ఆటోఫోకస్ అవుతాయి. డీ లెన్స్‌లు కావు, ఆ అడాప్టర్‌లో తిప్పే మోటారు లేదు. ఉత్త లోహపు వలయాలు కొన్ని వందలకు దొరుకుతాయి. వాటితో అన్నీ చేత్తో తిప్పుకోవాల్సిందే.

మూడో ప్రశ్న: సెన్సర్‌ను కప్పుతుందా?

సెన్సర్‌లు ప్రధానంగా రెండు కొలతలు. పాత ఫిల్మ్ అంత, అంటే 36 ఎంఎం వెడల్పు 24 ఎంఎం ఎత్తు ఉన్నది ఫుల్ ఫ్రేమ్. అంతకంటే చిన్నది ఏపీఎస్-సీ. మనవాళ్ల కెమెరాలు ఎక్కువగా చిన్నవే. చిన్న సెన్సర్‌కు మాత్రమే చేసిన లెన్స్‌ల మీద గుర్తు ఉంటుంది. నికాన్ డీఎక్స్, కెనాన్ ఈఎఫ్-ఎస్, సిగ్మా డీసీ, టామ్రాన్ డీఐ 2. ఫుల్ ఫ్రేమ్‌కూ సరిపోయేవాటి మీద కెనాన్ ఈఎఫ్, సిగ్మా డీజీ, టామ్రాన్ డీఐ అని ఉంటుంది. సోనీలో చిన్నది ఈ, పెద్దది ఎఫ్ఈ, మౌంట్ రెంటికీ ఒకటే.

పెద్ద సెన్సర్ లెన్స్‌ను చిన్న కెమెరాకు నిశ్చింతగా పెట్టొచ్చు. తిరగేస్తేనే ఇబ్బంది. కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్స్ కెనాన్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కు బిగియదు, బలవంతం చేయొద్దు. గుర్తు సులభం: ఈఎఫ్‌కు ఎర్ర చుక్క, ఈఎఫ్-ఎస్‌కు తెల్ల చతురస్రం. కెమెరా మీద రెండూ ఉంటే రెండు రకాలూ పడతాయి, ఎర్ర చుక్క ఒక్కటే ఉంటే ఈఎఫ్ మాత్రమే. నికాన్‌లో డీఎక్స్ లెన్స్ ఫుల్ ఫ్రేమ్‌కు బిగుస్తుంది కానీ కెమెరా మధ్యభాగం మాత్రమే వాడుకుంటుంది. 24 మెగాపిక్సెళ్ల కెమెరా పది, పదకొండు మెగాపిక్సెళ్లకు పడిపోతుంది.

మన ఖోలీకి ఎన్ని ఎంఎం?

ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. బీడీడీ చాల్‌లో ఒక ఖోలీ 160 చదరపు అడుగులు. గుమ్మంలో నిలబడితే ఎదురుగోడ పది పన్నెండు అడుగుల దూరం. చిన్న సెన్సర్ కెమెరాతో పది అడుగుల నుంచి 50ఎంఎం లెన్స్‌లో పడే వెడల్పు సుమారు నాలుగున్నర అడుగులు. అంటే ఇద్దరు మనుషులు. 35ఎంఎంలో ఆరున్నర అడుగులు, 18ఎంఎంలో పన్నెండు పదమూడు అడుగులు, 10ఎంఎంలో ఇరవై రెండు అడుగులకు పైనే.

కాబట్టి ఖోలీలో అవ్వ, అటక, దేవుడి గూడు, సామానంతా ఒకే ఫోటోలో రావాలంటే 50ఎంఎం పనికిరాదు. మీ దగ్గరున్న 18-55నే 18 దగ్గర పెట్టి, పగటిపూట, తలుపు తెరిచి తీయండి. కొత్తది కొనాల్సిన పనే లేదు. ఇంకా వెడల్పు కావాలంటే 10-20, 11-16 లాంటివి చూడాలి, అక్కడా రెండో ప్రశ్న వదలదు. నికాన్ 10-20 ఏఎఫ్-పీ రకం, మా డీ3200 మీద పనిచేయదు. టోకినా 11-16 నికాన్ మౌంట్‌లో మొదటి రకానికి మోటారు లేదు, రెండో రకానికి ఉంది.

నడవాలో, గల్లీలో, రాత్రి బతుకమ్మకు చిన్న సెన్సర్ నికాన్ ఉన్నవాళ్లకు ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35ఎంఎం 1:1.8జీ బాగా పనికొస్తుంది. కెనాన్ వాళ్లకు 50ఎంఎం 1:1.8 ఎస్‌టీఎం చవక, అయితే వెనక్కు జరగడానికి చోటుండాలి.

మేము కొన్న డీ లెన్స్ పారేయలేదు. ఇళ్లలోని పాత స్టూడియో ఫోటోలను తిరిగి తీయడానికి వాడుతున్నాం. అది 45 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్తుంది, ఆ దూరంలో నాలుగు-ఆరు అంగుళాల ఫోటో సరిగ్గా ఫ్రేమ్ నిండుతుంది. కెమెరాను స్టాండ్‌కు బిగించి, తెరమీద పెద్దది చేసి చూస్తూ చేత్తో తిప్పితే ఫోకస్ తప్పదు. ఫోటో కదలదు, మనకూ తొందర ఉండదు.

ముంబయి వానకు ఒక మాట

ఇక్కడ లెన్స్‌కు పెద్ద శత్రువు బూజు. నాలుగు నెలల వాన, చెమ్మ పట్టిన గోడలు, గాలి ఆడని బీరువా దానికి పెట్టింది పేరు. సెకండ్ హ్యాండ్ లెన్స్‌ను రెండువైపులా మూతలు తీసి, ఒకవైపు నుంచి మొబైల్ టార్చ్ వేసి, రెండోవైపు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు దారాల్లాంటివి లోపల కనిపిస్తే ఎంత చవకైనా వద్దు. రెండు మూడు దుమ్ము రేణువులకు భయపడక్కర్లేదు. ద్వారపు రేకుల మీద నూనె మెరిస్తే కూడా వద్దు.

ఇంటికి తెచ్చాక తోలు సంచిలో పెట్టొద్దు, తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. పొట్లాలు చెమ్మ పీల్చుకున్నాక మార్చాలి. అన్నిటికంటే మంచిది, లెన్స్‌ను తరచూ బయటికి తీసి వాడటం.

బజారుకు వెళ్లేటప్పుడు

కెమెరా, ఛార్జ్ చేసిన బ్యాటరీ, కార్డు వెంట తీసుకెళ్లండి. కెమెరా పేరు, నంబరు కాగితం మీద రాసుకోండి.

దుకాణంలోనే బిగించి, దగ్గరి వస్తువు ఒకటి, దూరపు బోర్డు ఒకటి ఫోకస్ చేసి ఫోటోలు తీయండి. కెమెరా తెరమీద పూర్తిగా పెద్దది చేసి చూడండి. చిన్నగా చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, మాకు జరిగింది అదే.

జూమ్, ఫోకస్ వలయాలు మెల్లగా తిప్పండి. గరగరమన్నా, మధ్యలో పట్టేసినా వద్దు. ముందు అంచు నొక్కుకుపోయి ఉంటే కిందపడిన లెన్స్ అని అర్థం.

బిల్లు మీద లెన్స్ పూర్తి పేరు, సీరియల్ నంబరు రాయించుకోండి. ఏ కెమెరాకు కొంటున్నారో కూడా రాయమనండి. మార్చుకునే గడువు ఎన్ని రోజులో అక్కడే అడగండి. మా బిల్లు మీద ‘లెన్స్ 1’ అని మాత్రమే ఉంది. ముప్పై ఏళ్లు ఇతరుల బిల్లులు సరిచూసిన నేను ఆ బిల్లును అలాగే జేబులో పెట్టుకొచ్చాను.

ఎందుకింత పట్టింపు?

బీడీడీ చాళ్ల స్థానంలో మ్హాడా టవర్లు కడుతోంది. 160 అడుగుల ఖోలీ పోయి 500 అడుగుల ఇల్లు వస్తుంది, సంతోషమే. కామాఠీపుర గల్లీల పునర్నిర్మాణం మాటా నడుస్తోంది. తెలంగాణ పల్లెల నుంచి మట్టిపనికి, రాతిపనికి వచ్చిన కామాఠీల పేరు ఆ పేటకు మిగిలింది కానీ వాళ్ల ముఖాలు మనకు మిగల్లేదు. వాళ్లకు కెమెరా లేదు. మనకు ఉంది. నడవా, కొళాయి దగ్గరి వరస, మెట్ల కింద దేవుడు, వీటిని రేపు తీద్దాంలే అనుకునే వీలు ఇక లేదు.

కొనే ముందు లెన్స్ మీది రాతను ఉన్నదున్నట్టు కాగితం మీద దింపి, మీ కెమెరా పేరు పక్కన రాసి, ఆదివారం సంఘానికి తీసుకురండి. కూర్చుని చదువుదాం. దసరాకు ముందే రండి, తరువాత కాదు.